పిల్లల్ని హోమ్‌కు తీసుకుపోయారు, మళ్ళీ ఇస్తారా?

రాచకొండ_రాయి
ఊరు, మండలం పేరు రాయను, తెలిసినోళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు. మా చిన్నమ్మ బిడ్డ, నాకు చెల్లె వరస. ఇద్దరు పిల్లలు. పాపకు తొమ్మిదేళ్ళు, బాబుకు ఐదు. ఆమె పత్తి ఏరడానికి పోతుంది, సీజన్ అయిపోతే రైస్‌మిల్లులో కూలి. వాళ్ళాయన తాగుతాడు. తాగితే చేయి లేస్తుంది. పోయిన వారం బాబును ఫోన్ చార్జర్ వైరుతో వీపు మీద కొట్టాడు. చెల్లె అప్పుడు మిల్లులో ఉంది. ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. పొద్దు గూకేసరికి బండి వచ్చి పిల్లలిద్దరినీ ఎక్కించుకుపోయింది. ఈమె ఇంటికొచ్చేసరికి చెప్పులు కూడా గడపలోనే ఉన్నాయి, పిల్లలు లేరు.

ఇప్పుడు పాప ఒకచోట, బాబు ఇంకోచోట. బాలల సంక్షేమ కమిటీ ముందుకు రమ్మని కాగితం ఇచ్చారు. ఊళ్ళో ఒక పెద్దమనిషి "ఇంక రారు బిడ్డా, దత్తతకు ఇచ్చేస్తారు" అన్నాడట. అప్పటి నుంచి ఆమెకు అన్నం ముద్ద దిగడం లేదు. కొట్టింది వాడు, పిల్లలు దూరమైంది ఈమెకు. ఇదేం న్యాయం? తెలిసినవాళ్ళు చెప్పండి.

కోయిలకొండ_పోరడు
ముందు ఆ పెద్దమనిషికి ఎవరన్నా ఫోన్ చేయండి, ఆయన్ని ఏదన్నా హోమ్‌లో పెడతారేమో.

మన్నెంకొండ
అన్నా, కోపం తెచ్చుకోకు. వైరుతో వాతలు తేలేటట్టు కొట్టిన ఇంట్లో ఆ రాత్రి పిల్లల్ని వదిలిపెట్టి పోతే, తెల్లారి ఏమన్నా అయితే ఎవరిది జవాబు? తీసుకుపోయి మంచి పనే చేశారు. హోమ్‌లో మూడు పూటలా తిండి, చదువు. మీ చెల్లె కూలికి పోతే చూసేదెవరు?

రాచకొండ_రాయి
@మన్నెంకొండ చూసేదానికి మా చిన్నమ్మ ఉంది. పక్క ఊరే. బండిలో వచ్చినవాళ్ళు అసలు అడగనే లేదు అమ్మమ్మ ఉందా, మేనమామ ఉన్నాడా అని. అదే మా బాధ.

అంగన్‌వాడీ_అక్క
ఫోన్ చేసినవాళ్ళను తిట్టుకోకండి. మా సెంటర్‌కు వచ్చే పిల్లల్లో ఇట్లాంటివి చూస్తూ ఉంటాను. చొక్కా విప్పనివ్వని పిల్లగాడు, ఎండాకాలంలో కూడా ఫుల్‌హ్యాండ్స్ వేసుకొచ్చే పాప. మేము చెప్పకపోతే ఎవరు చెప్తారు? అసలు ఇరుగుపొరుగు చెప్పరు. "మనకెందుకు లొల్లి" అంటారు. ఒకరు చెప్పారంటే ఆ ఇంటి అరుపులు ఎన్ని రోజులు విని ఉంటారో.

అయితే అన్న అడిగింది కూడా న్యాయమే. అమ్మమ్మను అడగాలి. హడావుడిలో అడగరు చాలాసార్లు.

నల్లకోటు
కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపికగా చదవండి.

దత్తత భయం పక్కన పెట్టండి. తల్లీతండ్రీ కళ్ళముందు ఉండగా, పిల్లల్ని వదులుకుంటున్నామనే సరెండర్ కాగితం మీద వాళ్ళు సంతకం పెట్టకుండా మామూలుగా పిల్లల్ని దత్తతకు ఇవ్వడానికి లేదు. ఒకవేళ సంతకం పెట్టినా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. కాబట్టి మీ చెల్లెకు ముందు చెప్పాల్సింది ఒకటే: చదవకుండా, చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర, సంతకం పెట్టొద్దు.

జువెనైల్ జస్టిస్ చట్టం 2015 ప్రకారం, తీసుకుపోయిన పిల్లల్ని 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు చూపించాలి, ప్రయాణం టైం అందులో కలపరు. కమిటీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. వాళ్ళకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అధికారాలు ఉంటాయి. తర్వాత ఇంటికొచ్చి సోషల్ ఇన్వెస్టిగేషన్, అంటే ఇంటి పరిస్థితుల మీద విచారణ చేస్తారు. దానికి 15 రోజులు. చివరి ఉత్తర్వు నాలుగు నెలల్లోపు రావాలి. ఆ రిపోర్టే మీకు ప్రాణం. అందులో అమ్మమ్మ పేరు, ఇల్లు, ఎవరు ఏం సంపాదిస్తారు, స్కూలు ఎంత దూరం, అన్నీ ఎక్కేటట్టు చూసుకోండి. వచ్చినాయన నోట్ చేసుకోకపోతే మీరే ఒక తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి.

ఆ చట్టం మూడో సెక్షన్‌లోనే ఉంది, పిల్లల్ని సంస్థలో పెట్టడం చివరి మార్గం అని, పెంచే మొదటి బాధ్యత కుటుంబానిదని. పిల్లలు తొందరగా ఇంటికి చేరడమే లక్ష్యమని కూడా. కానీ కమిటీ అడిగేది ఒకటే ప్రశ్న: వాడు మళ్ళీ తాగి వస్తే ఏం చేస్తారు? దానికి మీ దగ్గర జవాబు ఉండాలి. "ఇక కొట్టడులెండి సార్" అనేది జవాబు కాదు.

బత్తాయితోట
చివరి లైన్‌కు దండం. మా దగ్గర ప్రతి పంచాయితీలో అదే మాట, "ఇక తాగడులే". సర్పంచ్ ముందు ఒట్టు వేస్తారు, బయటికొచ్చి బెల్టుషాపు ముందు కూలబడతారు.

పిల్లలమర్రి_నీడ
ఆ పెద్దమనిషి భయం ఊరికే పుట్టింది కాదు. 1999లో ఒకసారి, 2001లో మళ్ళీ, లంబాడా తండాల నుంచి పసిపిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, దళారులు తెచ్చి హైదరాబాద్‌లో దత్తత సంస్థలకు చేర్చిన సంగతి బయటపడింది. పోలీసులు దాడులు చేశారు, పేపర్ల నిండా అదే. దేవరకొండ వైపు ఇప్పటికీ ముసలివాళ్ళు జీపు ఆగితే పిల్లల్ని లోపలికి పిలుస్తారు. అప్పుడు పేదరికమే కారణమని చెప్పి తల్లి ఒడి నుంచి పిల్లను తీసినవాళ్ళు దళారులు. ఇప్పుడు వచ్చేది ప్రభుత్వం బండి. రెండూ ఒకటి కాదు. కానీ తల్లికి తేడా ఎవరు చెప్పాలి? ఎవరో ఒకరు కూర్చొని చెప్పాలి కదా.

ఇంకో మాట. మా పాలమూరులో తల్లిదండ్రులు మేస్త్రీ వెంట బొంబాయికి, పుణెకు పోతే పిల్లలు అవ్వల దగ్గరే పెరిగారు. మా క్లాసులో సగం మంది అట్లాంటివాళ్ళే. తల్లి పక్కన లేదని పిల్లను "దిక్కులేని పిల్ల" అని రాస్తే జిల్లా మొత్తం రాయాలి.

కోయిలకొండ_పోరడు
నేను అవ్వ దగ్గరే పెరిగిన. అవ్వ కొట్టిన దెబ్బలకు 1098 ఉంటే లైన్ బిజీ వచ్చేది.

అంగన్‌వాడీ_అక్క
@కోయిలకొండ_పోరడు నవ్వులాట కాదు తమ్ముడూ. "మమ్మల్ని కొట్టలేదా, బాగుపడలేదా" అనే మాటతోనే ఈ బాబు వీపు దాకా వచ్చింది.

కోయిలకొండ_పోరడు
నిజమే అక్కా, తీసుకుంటున్నా.

డిండి_అల
చాలా రోజులుగా చదువుతానే కానీ రాయను. ఇది చూసి రాయాలనిపించింది.

నన్ను ఎనిమిదేళ్ళప్పుడు తీసుకుపోయారు. కొట్టింది మా నాన్న కాదు, మా సవతి తల్లి. ఆ రోజు ఆ మేడం రాకపోయి ఉంటే నేను ఇవాళ ఈ పోస్టు రాసేదాన్ని కాదు. కాబట్టి @మన్నెంకొండ గారు చెప్పింది నాకు అర్థమవుతుంది. కానీ "మూడు పూటలా తిండి" అనేంత తేలిక కాదు అది. పడుకునే చాప మీద నంబర్, గ్లాసు మీద నంబర్. మా మేనత్త ఆదివారం చూడటానికి వచ్చి సకినాలు తెచ్చేది, స్టీలు డబ్బాలో. అవి అందరికీ పంచాలి, అది న్యాయమే, కాదనను. నాకు రెండు వచ్చేవి. ఒకటి తిని ఒకటి గౌను జేబులో దాచుకునేదాన్ని, నలిగిపోయి పిండి అయిపోయేది. ఆ పిండి కూడా పారెయ్యలేదు.

మా మేనత్త నన్ను పెంచుకుంటానని మొదటి రోజు నుంచి చెప్పింది. ఆమెకు కాగితాలు ఎట్లా పెట్టాలో తెలియక, చెప్పేవాళ్ళు లేక, చాలా ఏళ్ళు అక్కడే ఉన్నా. తీయడం తప్పు కాదు. తీసి మర్చిపోవడం తప్పు. అన్నా, మీ చెల్లెను ప్రతి ఆదివారం పొమ్మనండి. ఒక్కటి కూడా మానొద్దు. పోయిన ప్రతిసారీ రిజిస్టర్‌లో సంతకం పెట్టమనండి. "తల్లి వస్తలేదు" అని ఎవరూ రాయకుండా ఉంటారు.

రాచకొండ_రాయి
@డిండి_అల అక్కా, ఏం రాయాలో తెలుస్తలేదు. ఆదివారం సంగతి చెల్లెకు ఇప్పుడే ఫోన్‌లో చెప్పిన.

ఉదయసముద్రం
అక్కాతమ్ముళ్ళను వేరుచేశారు కదా, దాని గురించి కూడా అడగండి. ఆరేళ్ళలోపు పిల్లలు ఉండే చోటు వేరు, పెద్ద ఆడపిల్లలు ఉండే చోటు వేరు కాబట్టి అట్లా జరుగుతుంది, కావాలని చేయరు. కానీ తోబుట్టువుల్ని వీలైనంతవరకు కలిపే ఉంచాలన్నది పద్ధతి. కనీసం వారానికోసారి కలిపించమని దరఖాస్తు పెట్టండి. ఐదేళ్ళవాడికి అమ్మ ఎంతో అక్క అంత.

డల్లాస్_జడ్చర్ల
ఇక్కడి పద్ధతి చెప్తా, పోల్చుకోవడానికి పనికొస్తుందేమో. టెక్సస్‌లో పిల్లల్ని తీసుకుపోతే 14 రోజుల్లో జడ్జి ముందు పూర్తి విచారణ ఉండాలి. కేసు మామూలుగా ఏడాదిలో తేలాలి, గట్టి కారణం ఉంటే ఆరు నెలలు పొడిగిస్తారు. 1980 నాటి కేంద్ర చట్టం నుంచే కుటుంబాన్ని కలిపి ఉంచడానికి తగిన ప్రయత్నం చేశామని రాష్ట్రం చూపించాలి. 1997లో ఇంకో చట్టం వచ్చి దానికి గడువు కట్టింది: గత 22 నెలల్లో 15 నెలలు పిల్ల వేరేవాళ్ళ పెంపకంలో, అంటే ఫోస్టర్‌లో ఉంటే తల్లిదండ్రుల హక్కులు రద్దుకు రాష్ట్రం పిటిషన్ వేయాలి. చుట్టాల దగ్గర ఉంటే మినహాయింపు ఉంది. 2018లో వచ్చిన చట్టం ఏం చేసిందంటే, పిల్లల్ని తీసిన తర్వాత ఖర్చుపెట్టే కేంద్రం డబ్బును తీయకముందే తాగుడు మాన్పించడానికి, తల్లిదండ్రులకు కౌన్సెలింగ్‌కు కూడా వాడుకోనిచ్చింది.

మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక తెలుగాయన కొడుకును బెల్టుతో కొట్టాడు, స్కూల్లో టీచర్ చూసింది. పిల్లవాణ్ని తీసుకుపోలేదు. ఆయన్ను బయటికి పంపారు. కొన్ని నెలలు స్నేహితుడి గదిలో ఉండి, క్లాసులకు పోయి, కేస్‌వర్కర్ ముందు మాత్రమే కొడుకును చూశాడు. పిల్లవాడు తన మంచం మీదే పడుకున్నాడు. నాకు నచ్చింది అదే: కొట్టిన చేయి బయటికి పోవాలి, దెబ్బ తిన్నవాడు ఎందుకు పోవాలి?

మన్నెంకొండ
అమెరికాలో ఆయనకు ఉద్యోగం ఉంది, గది అద్దెకు దొరికింది. ఇక్కడ వాణ్ని బయటికి పంపితే సాయంత్రం మళ్ళీ వస్తాడు, తలుపు తన్నుతాడు. ఇంట్లో ఒంటరి ఆడమనిషి. ఎవరు ఆపుతారు?

ఇంకోటి, విదేశాల్లో అంతా బాగుందని కాదు. నార్వేలో 2011లో మన దేశం దంపతుల పిల్లల్ని తీసుకుంటే, 2012లో బాబాయికి అప్పగించి ఇండియాకు పంపారు, 2013కు గానీ తల్లి దగ్గరికి చేరలేదు.

నల్లకోటు
@మన్నెంకొండ సరైన ప్రశ్న. జవాబు కూడా ఉంది, ఎవరూ వాడరు. గృహహింస చట్టం 2005. దాని 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ భర్తను ఇంట్లోంచి బయటికి పొమ్మని ఆర్డర్ ఇవ్వొచ్చు, ఇల్లు వాడి పేరు మీద ఉన్నా సరే. 18 కింద రక్షణ ఉత్తర్వు, 21 కింద పిల్లల తాత్కాలిక కస్టడీ తల్లికి. రక్షణ ఉత్తర్వు మీరి వస్తే అది నేరం, పోలీసు పట్టుకోవచ్చు. హింస ఎదుర్కొన్న ఆడవాళ్ళకు సాయం చేసే సఖి సెంటర్‌కు పోతే అక్కడి వాళ్ళు రాయించి పెడతారు. వకీలుకు డబ్బు అక్కర్లేదు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్ళకు ఆదాయం చూడకుండానే ఉచితంగా ఇస్తుంది. 15100కు ఫోన్ చేయొచ్చు.

అన్నా, ఆ పిటిషన్ నకలు తీసుకుని కమిటీ ముందుకు పోండి. "వాడు వస్తే ఏం చేస్తారు" అన్న ప్రశ్నకు అదే మీ జవాబు.

బత్తాయితోట
కాగితం మీద ఆర్డర్ సరే. మా మండలంలో ఒకామెకు ఆర్డర్ వచ్చింది, వాడు మూడో రోజే గోడ దూకాడు. ఎస్సైకి ఫోన్ చేస్తే "సంసారంలో ఉండేవే కదమ్మా". అందుకే అమ్మగారింటికి పోవడమే నయం అంటాను. ఉత్తర్వు కూడా ఉండనీ, అమ్మగారిల్లు కూడా ఉండనీ.

అంగన్‌వాడీ_అక్క
నేనూ అదే అంటా. చట్టం ఒక కాలు, చుట్టం ఒక కాలు.

కోయిలకొండ_పోరడు
అక్క సామెతలు కూడా తయారుచేస్తుంది. అంగన్‌వాడీలో గుడ్లతో పాటు ఇవి కూడా ఇస్తరా?

అంగన్‌వాడీ_అక్క
గుడ్లు సరిగ్గా వస్తే ముందు అవి ఇస్తాం.

రాచకొండ_రాయి
అప్‌డేట్. ఆదివారం పోయొచ్చాం. బాబు వేరే ఎవరి చొక్కానో వేసుకున్నాడు, పొడుగ్గా, మోకాళ్ళ దాకా. వీపుకు మందు రాస్తున్నారు, బాగానే చూస్తున్నారు, అబద్ధం చెప్పకూడదు. వాడు అడిగింది ఒకటే, "అక్క ఏది". ఇద్దర్నీ కలిపించమని దరఖాస్తు పెట్టినం.

బయట ఒకతను కలిశాడు. ముప్పై వేలు ఇస్తే ఈ వారంలో ఇప్పిస్తా, లోపల మనవాళ్ళు ఉన్నారు అన్నాడు. చిన్నమ్మ పుస్తెలతాడు తీయడానికి సిద్ధమైంది. ఏం చేయాలి?

నల్లకోటు
పైసా ఇవ్వొద్దు. కమిటీ ముందు దేనికీ ఫీజు లేదు. అతని ఫోన్ నంబర్ ఉంటే దాచి పెట్టండి, విచారణ రోజు కమిటీకి నోటితోనే చెప్పండి.

బత్తాయితోట
ముప్పై వేలా! ఆ డబ్బుతో మీ చిన్నమ్మ ఇంటికి ఇంకో గది రేకులు వేయించొచ్చు.

పిల్లలమర్రి_నీడ
పుస్తెలతాడు తీయనివ్వకండి. అప్పటి దళారులు కూడా ఇట్లాగే "మనవాళ్ళు" అనేవాళ్ళు.

ఉదయసముద్రం
ఆ రేకుల గది మాట ఊరికే కాదు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు పిల్లలు ఎక్కడ పడుకుంటారు, బాత్రూంకు గొళ్ళెం ఉందా అని చూస్తారు. గొప్పగా ఉండాలని లేదు, చక్కగా ఉంటే చాలు.

డబ్బు సంగతి కూడా చెప్తా. పిల్లల కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ ఉంది, పిల్లకు నెలకు 4000. ఇంట్లోనే ఉంచి పెంచుకోవడానికి ఇచ్చేది అది. పల్లెలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్నంలో 96,000 దాటకూడదు. భర్త చనిపోయిన, విడిచిపెట్టిన తల్లుల పిల్లలకు, చుట్టాల దగ్గర పెరిగే తల్లిదండ్రులు లేని పిల్లలకు ముందు ఇస్తారు. బడికి పోతుండాలి. డబ్బు ఏ నెలకా నెల టైంకు వస్తుందని నేను మాట ఇవ్వను, కానీ దరఖాస్తు పెట్టకపోతే అదీ రాదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇస్తారు ఫారం.

మన్నెంకొండ
నాకు ఇప్పటికీ ఒక అనుమానం. పాపను గురుకులంలో వేస్తే అన్నీ తీరతాయి కదా? ఇన్ని తిప్పలెందుకు?

డిండి_అల
@మన్నెంకొండ గురుకులం వేరు సార్. అక్కడ వేసింది అమ్మ, దసరాకు తీసుకొచ్చేది అమ్మ. పిల్ల "మా అమ్మ వేసింది" అని చెప్పుకుంటుంది. హోమ్‌లో ఉన్న పిల్ల ఆ మాట అనలేదు. ఈ పాప నాలుగో తరగతి అయితే వచ్చే ఏడు ఐదుకు పరీక్ష రాయొచ్చు. కానీ ముందు ఇంటికి రానివ్వండి. ఇప్పుడే ఇంకో హాస్టల్ అంటే తమ్ముడి వల్ల తనను పంపేశారనుకుంటుంది.

మన్నెంకొండ
ఆ వైపు నుంచి ఆలోచించలేదు.

డల్లాస్_జడ్చర్ల
పాపను కమిటీ వాళ్ళు విడిగా అడుగుతారా, ఎక్కడ ఉండాలని ఉందని?

నల్లకోటు
అడగాలి. పిల్ల మాట వినడం, వయసును బట్టి దానికి విలువ ఇవ్వడం చట్టంలోనే ఉంది. కానీ ఇంటివాళ్ళు ఆదివారం పోయినప్పుడు "ఇట్లా చెప్పు, అట్లా చెప్పు" అని నేర్పించొద్దు. నేర్పిన మాట రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

రాచకొండ_రాయి
చానా రోజులకు వస్తున్న, క్షమించండి. విచారణ అయింది. చెల్లె సఖి సెంటర్‌లో కేసు పెట్టింది, నకలు చూపించినం. చిన్నమ్మ వచ్చింది, మా అన్న వచ్చిండు, స్కూల్ హెడ్‌మాస్టర్ కూడా వచ్చి పాప హాజరు పట్టిక చూపించిండు, అడగకుండానే. ఒక మేడం చిన్నమ్మను చాలా ప్రశ్నలు వేసింది. "నువ్వు అల్లుణ్ణి ఇంట్లోకి రానిస్తావా?" అంటే, చిన్నమ్మ "కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు కూడా ఇయ్యను" అన్నది. మేడం నవ్వింది.

పిల్లలిద్దరూ చెల్లెతో కలిసి చిన్నమ్మ ఇంట్లో ఉండాలి. వాడు ఆ ఇంటికి రావొద్దు, చూడాలంటే ఆఫీసులోనే చూడాలి, తాగి వస్తే చూపించరు. నెలనెలా ఒక ఆఫీసర్ వచ్చి చూస్తడు. ఇది పర్మినెంట్ కాదు, మళ్ళీ పిలుస్తమన్నరు.

అంగన్‌వాడీ_అక్క
అబ్బ! మంచి మాట చెప్పావు తమ్ముడూ. ఆ ఊరి అంగన్‌వాడీలో బాబు పేరు ఎక్కించండి, ఈ వారమే.

పిల్లలమర్రి_నీడ
హెడ్‌మాస్టర్‌కు నా తరఫున ఒక నమస్కారం చెప్పు.

బత్తాయితోట
వాడు ఏమంటున్నాడు?

రాచకొండ_రాయి
@బత్తాయితోట వాడికి కోపంగానే ఉంది. రెండుసార్లు ఊరి బయటి దాకా వచ్చి పోయిండట. మొదటిసారి ఆడోళ్ళు భయపడ్డరు, రెండోసారి మా అన్న పోయి మాట్లాడిండు. ప్రభుత్వాసుపత్రిలో తాగుడు మాన్పించే డాక్టర్ దగ్గరికి పోతేనే పిల్లల్ని చూపిస్తరని తెలిసినంక కొద్దిగా మెత్తబడ్డడు. పోతడో పోడో చూడాలె. నమ్మకం లేదు నాకు.

ఇప్పుడు ఇంకో లొల్లి. స్పాన్సర్‌షిప్ ఫారానికి పాప పేరు మీద బ్యాంకు ఖాతా కావాలంటున్నరు. పాప ఆధార్‌ల పాత ఊరి అడ్రస్, తండ్రి పేరు. బ్యాంకాయన అడ్రస్ మార్చుకొని రా అంటుండు. స్కూల్ టీసీ కూడా ఇంకా రాలే.

ఉదయసముద్రం
కమిటీ ఉత్తర్వు నకలు బ్యాంకుకు, స్కూలుకు రెండింటికీ ఇవ్వండి, టీసీ కోసం ఆగకుండా పాపను కొత్త బడిలో కూర్చోబెట్టుకోవాలి. ఖాతా పాప పేరు మీద, గార్డియన్‌గా తల్లి పేరుతో తెరవమనండి. ఆధార్‌లో అడ్రస్ ఒక్కటే మార్పించండి, తండ్రి పేరు జోలికి ఇప్పుడు పోవద్దు, అది ఇంకో కథ.

కోయిలకొండ_పోరడు
ఆధార్ సెంటర్‌కు పొద్దున ఆరింటికే పో అన్నా. తొమ్మిదికి పోతే టోకెన్లు అయిపోతయి, మధ్యాహ్నం పోతే సర్వర్ అయిపోతది.